పుట్టుక రిజిస్టరులో మొదటి వరుస రాసేవాళ్లకు ఒక జాబ్ టైపిస్టు బహిరంగ లేఖ

తెలంగాణలోని పంచాయతీ కార్యదర్శులకు, మున్సిపాలిటీల్లో జనన మరణాల రిజిస్ట్రార్లకు, ఆసుపత్రుల్లో రికార్డు రాసే గుమాస్తాలకు, ఒకటో తరగతిలో పిల్లల్ని చేర్చుకునే హెడ్మాస్టర్లకు

అయ్యా, అమ్మా,

నేను హైదరాబాద్ నాంపల్లిలో కోర్టు గోడ వారన టైపింగ్ చేసుకునేవాణ్ని. 1986లో రెమింగ్టన్ మిషన్‌తో కూర్చున్నాను. ఇప్పుడు కంప్యూటరు, ప్రింటరు, వాటి మీద ఒక పెద్ద గొడుగు. అద్దె ఒప్పందాలు, చెక్ బౌన్సు నోటీసులు, పవరాఫ్ అటార్నీలు అన్నీ కొడతాను గానీ, ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఎక్కువగా ఒక్క రకం కాగితం వల్లనే. "నా పేరు ఈ పత్రంలో ఇలాగునూ, ఆ పత్రంలో అలాగునూ ఉన్నది, రెండు పేర్లూ ఒక్క మనిషివే అని ప్రమాణపూర్వకంగా తెలియజేయుచున్నాను." ఆ కాగితం. మీరు ఒక అక్షరం తప్పు రాస్తే నాకు ఒక గిరాకీ. కాబట్టి ఈ లేఖ నా కడుపు నేను కొట్టుకుంటూ రాస్తున్నదని గమనించగలరు.

మన ఊళ్లో పిల్లలు అమెరికా పోవాలంటే అందరి కళ్లూ కాన్సులేట్ మీదనే ఉంటాయి. అది 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో మొదలై, 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు మారింది. అక్కడ కిటికీ అవతల కూర్చున్న మనిషి నవ్వాడా, ముఖం మాడ్చుకున్నాడా అని ఇంటిల్లిపాదీ బయట చెట్టు కింద కాచుకొని ఉంటారు. అంతకు ముందే చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు అయి ఉంటాయి, పని అయ్యాక నూట ఎనిమిది బాకీ. నేనూ చేశాను, తప్పు పట్టడం లేదు. అయితే వీసా అంటే లోపలికి రానివ్వడం మాత్రమే. అక్కడే ఉండిపోయే హక్కు వేరే. దానికి అర్జీ పెట్టేనాడు ఎంత చదివావు, బ్యాంకులో ఎంత ఉంది అనే ప్రశ్నలు వెనక్కి పోయి, ముందు రెండే ప్రశ్నలు వస్తాయి: ఎక్కడ పుట్టావు? ఎవరికి పుట్టావు? ఆ రెండింటికీ జవాబు మీ రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా లేదు.

అమెరికా లెక్క చూడండి. ఉద్యోగాల మీద వాళ్లు ఏడాదికి ఇచ్చే గ్రీన్ కార్డులు సుమారు 1,40,000. ఒక్కో దేశానికి అందులో 7 శాతం మించనివ్వరు. మనవాళ్లు లక్షల్లో ఉన్నారు కాబట్టి క్యూ పదేళ్లు దాటిపోయింది. ఇందులో చాలామందికి తెలియని ముచ్చట ఒకటి ఉంది. ఆ 7 శాతాన్ని లెక్కగట్టేది ఏ దేశం పాస్‌పోర్టు ఉందో చూసి కాదు, ఏ దేశంలో పుట్టారో చూసి. భార్యాభర్తల్లో ఒకరు వేరే దేశంలో పుట్టి ఉంటే ఇద్దరూ కలిసి ఆ దేశం క్యూలోకి మారిపోవచ్చు. నా దగ్గరికి వచ్చే ఒక పెద్దాయన కోడలు రియాద్‌లో పుట్టింది. ఆమె తండ్రి అక్కడ ఎలక్ట్రీషియన్. సంబంధం కుదిరేటప్పుడు "గల్ఫోళ్ల పిల్ల" అని మూతి విరిచిన అత్తగారు, అదే పిల్ల పుట్టిన కాగితంతో కొడుకు క్యూ దాటి ముందుకు పోయాక ఊరంతా చెప్పుకొని తిరిగింది. ఆ అరబ్బీ కాగితాన్ని ఇంగ్లీషులోకి మార్పించి తెచ్చినప్పుడు నేను చూశాను. తండ్రి పేరు, తాత పేరు, తల్లి పేరు, ఆసుపత్రి, తేదీ. ఒక్క గడి ఖాళీ లేదు. మన గడ్డ మీద పుట్టిన ఆమె మొగుడి కాగితంలోనే మూడు ఖాళీలు.

ఆ ఖాళీల సంగతికే వస్తున్నాను.

1969 నాటి జనన మరణాల చట్టం కింద పుట్టుకను 21 రోజుల్లోపు చెప్పాలి. మన ఇళ్లలో బారసాల చేసేదీ చాలామందికి ఇరవై ఒకటో రోజునే. అంటే గడువు తీరేనాటికి బిడ్డకు పేరే ఉండదు! ఆసుపత్రివాళ్లు రెండో రోజునో మూడో రోజునో వివరాలు పంపేస్తారు, పేరు గడిలో ఒక చిన్న గీత పడుతుంది. తల్లిదండ్రులు ఆ కాగితాన్ని బీరువాలో చీరల కింద పెట్టి మరిచిపోతారు. బడికి పోతే హెడ్మాస్టరు అడిగింది రాసుకుంటాడు, టెన్త్ మెమో వస్తుంది, ఇక జీవితమంతా ఆ మెమోనే పుట్టుక. ముప్పై అయిదేళ్లు వచ్చాక న్యూజెర్సీ నుంచో డల్లాస్ నుంచో ఫోను వస్తుంది, "అమ్మా, నా బర్త్ సర్టిఫికెట్ ఎక్కడుంది?" అని. చీరల కింద నుంచి తీస్తే అందులో అమ్మాయి పేరే లేదు. ఆడ శిశువు, అంతే.

సెక్షన్ 14 చెబుతుంది, పేరు తర్వాత చేర్చుకోవచ్చని. ఏడాది లోపైతే ఒక్క పైసా అక్కర్లేదు, ఆ తర్వాత పదిహేనేళ్ల దాకా కొద్దిపాటి రుసుము. ఈ మాట మీలో ఎంతమంది ఆ తండ్రికి చెప్పారు? నా టేబుల్ ముందు కూర్చున్నవాళ్లలో "మాకు ఎవరూ చెప్పలేదు" అననివాణ్ని ఇంతవరకు చూడలేదు.

ఇప్పుడు నా ఇంటి సంగతి చెబుతాను. ఊరి పేరు, ఆఫీసు పేరు రాయను. అక్కడ కూర్చున్న మనిషి చెడ్డవాడేమీ కాదు, భయస్థుడు.

మా పెద్దమ్మాయి 1986లో పుట్టింది. తొలి కాన్పు పుట్టింట్లోనే కదా, మా ఆవిడ అప్పటి కరీంనగర్ జిల్లాలో వాళ్లమ్మగారి ఊరికి వెళ్లింది. నేను ఆ నెలలోనే అప్పు చేసి టైపు మిషన్ కొన్నాను, కదలడానికి లేకపోయింది. పదకొండో రోజున వెళ్లి బిడ్డను చూశాను. మంత్రసాని పురుడు పోసింది, మా మామగారు ఎవరికో చెప్పి రాయించానన్నారు. అంతటితో ఆ విషయం ముగిసిందనుకున్నాను. అమ్మాయి హైదరాబాద్‌లోనే చదివి, అమెరికాలో ఎమ్మెస్ చేసి, ఉద్యోగంలో చేరింది. 2014లో వాళ్ల కంపెనీ గ్రీన్ కార్డుకు మొదటి కాగితం వేసింది. ఇక ఎదురుచూపు.

2020 అక్టోబరులో తెల్లవారుజామున ఫోన్ చేసింది. "నాన్నా, డేట్ కదిలింది" అని ఏడుస్తోంది, నవ్వుతోంది. ఏ తేదీకి ముందు మొదటి కాగితం వేసినవాళ్లు ఇప్పుడు అర్జీ పెట్టవచ్చో చెప్పే తేదీ అది. మామూలుగా నెలకు వారమో, రెండు వారాలో కదిలే ఆ తేదీ, ఈబీ-3 అనే ఉద్యోగాల వరుసలో అర్జీలు తీసుకునేందుకు ఒక్కసారిగా 2015 జనవరి 1 దాకా వచ్చేసింది. ఆ నెలలో ఎన్ని తెలుగు ఇళ్లల్లో అమ్మానాన్నలు మాస్కులు పెట్టుకొని పాత ఊళ్లకు పరుగెత్తారో నాకు తెలుసు, సగం మంది వచ్చేటప్పుడు నా గొడుగు కిందికే వచ్చారు. తేదీ మళ్లీ ఎప్పుడు వెనక్కి పోతుందో ఎవరికీ తెలియదు. కావలసినవాటిలో మొదటిది పుట్టిన కాగితం.

పంచాయతీకి వెళ్లాను.

"ఎనభై ఆరు రికార్డా? మాదగ్గర లేదు సార్. తహసీల్‌ల అడుగుండ్రి."

తహసీల్‌కు వెళ్లాను.

"పాత రిజిస్టర్లు చెదలు పట్టినయ్. దొరుకుతదో లేదో చెప్పలేం."

"దొరకకపోతే లేదని ఒక కాగితం రాసివ్వండి. నాన్ అవైలబిలిటీ."

"లేదని ఎట్ల రాసిస్తం సార్? లేదంటే ఏడ పోయిందని మమ్మల్నే అడుగుతరు."

"అయితే ఉందని ఇవ్వండి."

"ఉంటే కద ఇచ్చేది!"

ముప్పై నాలుగేళ్లుగా నేను ఆఫీసుల భాష టైపు కొడుతున్నాను. ఇంతకంటే గట్టి తాళం ఎక్కడా చూడలేదు. ఉందని ఇవ్వరు, లేదని ఇవ్వరు. అమెరికా నియమమైతే ఈ విషయంలో మన ఆఫీసు కంటే మెత్తన. అసలు కాగితం లేకపోతే లేదని ప్రభుత్వమే రాసిచ్చిన పత్రం తెమ్మంటుంది. దానికి తోడు బడి రికార్డు వంటివి పెట్టమంటుంది. అవీ చాలకపోతే పుట్టుక సంగతి స్వయంగా తెలిసిన ఇద్దరు మనుషుల అఫిడవిట్లు తీసుకుంటుంది. అంటే లేకపోవడం తప్పు కాదు. లేదని చెప్పేవాడు లేకపోవడమే తప్పు.

మూడోసారి వెళ్లినప్పుడు ఆ ఆఫీసు అటెండరు, ఇంక నెలకు రిటైర్ కాబోతున్నాయన, "సారూ, మీరు మళ్ల మళ్ల తిరగలేరు గానీ రాండ్రి" అని వెనక గదిలోకి తీసుకెళ్లాడు. ఎర్రగుడ్డల్లో కట్టిన మూటలు నేల నుంచి కిటికీ దాకా. నాలుగో మూటలో ఆ ఏడాది దొరికింది. చెదలు అంచులే తిన్నది, లోపలి రాత భద్రంగా ఉంది. నీలి సిరా, గుండ్రటి అక్షరాలు, మంచి చెయ్యి. తేదీ సరిగ్గా ఉంది. లింగం: ఆడ. తండ్రి పేరు దగ్గర నా పేరు ఉంది, ఇంటిపేరు లేదు. తల్లి పేరు దగ్గర "బుజ్జవ్వ" అని ఉంది. మా ఆవిడను పుట్టింట్లో అందరూ అలాగే పిలుస్తారు. మా మామగారు పిలిచే పేరే చెప్పాడు, రాసినాయన విన్నదే రాశాడు. శిశువు పేరు గడిలో, నేను చెప్పాను కదా, ఒక చిన్న గీత.

ఆ గీత అరంగుళం కూడా లేదు. కలం ఎత్తకుండా పక్క గడిలోకి పోయేటప్పుడు పడ్డ గీతలాగే ఉంది.

తల్లి అసలు పేరు పక్కన రాయమని అడిగాను. "రిజిస్టరు దిద్దరాదు సార్" అన్నారు. దిద్దమని చట్టమూ అనలేదు. సెక్షన్ 15 చెప్పేది ఏమిటంటే, మొదటి రాతను ముట్టుకోకుండా మార్జిన్‌లో సవరణ రాసి, సంతకం పెట్టి, తేదీ వేయాలి. అంత చక్కటి ఏర్పాటు చేసి పెట్టారు, మనవాళ్లు మార్జిన్‌ను కుట్టు వేసుకోవడానికే వాడుతున్నారు. ఆ పూట వాదించే ఓపిక లేక, ఉన్నది ఉన్నట్టు నకలు ఇమ్మన్నాను. ఇచ్చారు. దండం పెట్టి తీసుకున్నాను.

ఇక అఫిడవిట్లు. ఎదుటివాళ్లవి కళ్లు మూసుకొని కొట్టినవాణ్ని, మా అమ్మాయిది కొట్టడానికి జగిత్యాలలో ఒక నెట్ సెంటర్‌లో కూర్చుంటే రెండో వాక్యం దగ్గరే ఆగిపోయాను. "పై సంగతి నాకు స్వయంగా తెలుసు" అని రాయాలి. నాకు తెలుసా? నేను ఆ రోజు నాంపల్లిలో మిషన్‌కు రిబ్బన్ ఎక్కిస్తున్నాను. తెలిసింది ఇద్దరికే: రాత్రిపూట మంత్రసానిని పిలుచుకొచ్చిన మా బావమరిదికి, పురిటి మంచం పక్కన కూర్చున్న మా అత్తగారికి. ఆమెకు అప్పటికి ఎనభై రెండు. ఆటోలో నోటరీ దగ్గరికి తీసుకెళ్లాం. చదవడం రాదు కాబట్టి నేనే తెలుగులో చదివి వినిపించాను. అంతా విని, "పొద్దు పొడవంగ పుట్టింది, అది రాసినవా?" అని అడిగింది. రాయలేదు. ఆ గడి ఏ ఫారంలోనూ లేదు. వేలిముద్ర వేయబోతే బొటనవేలు గీతలు అరిగిపోయి నున్నగా ఉంది, సిరా ఒక మచ్చలాగా అంటుకుంటోంది తప్ప ముద్ర రావడం లేదు. నోటరీ మూడుసార్లు వేయించి, చివరికి ఎడమచేతి వేలు తీసుకున్నాడు. మనవరాలు అమెరికాలో ఉండవచ్చా లేదా అన్నది ఆ అరిగిన వేలి దగ్గర కాసేపు ఆగింది.

అది అక్టోబరు 13. సాయంత్రం బస్సెక్కి రాత్రికి జేబీఎస్‌లో దిగేసరికి నగరమంతా వాన. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది ఆ రాత్రి. మాది సైదాబాద్, మూసీ దాటాలి, దాటే దారి లేదన్నారు. కాగితాలు రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి చొక్కా లోపల పెట్టుకొని బస్‌స్టేషన్ బెంచీ మీదనే తెల్లవార్లూ కూర్చున్నాను. పడుకుంటే తడుస్తాయేమోనని పడుకోలేదు. పొద్దున ఒక జిరాక్స్ షాపు షట్టర్ ఎత్తగానే స్కాన్ చేయించి పంపాను. 2022లో అమ్మాయికి కార్డు వచ్చింది. ఆ వార్త విని మా అత్తగారు అడిగింది మళ్లీ అదే, పొద్దు పొడవంగ పుట్టిన సంగతి రాశారా అని.

నాకు ఈ పని తెలుసు కాబట్టి ఇద్దరు సాక్షులతో గట్టెక్కాను. తెలియనివాళ్ల సంగతి చూస్తుంటాను. అక్కడి ఆఫీసు "ఈ కాగితం చాలదు, ఇంకో ఆధారం తెండి" అని ఉత్తరం పంపితే, దాన్ని ఆర్‌ఎఫ్‌ఈ అంటారు, జవాబుకు పన్నెండు వారాలకు మించి ఇవ్వరు. మన దగ్గర ఏడాది దాటిన పుట్టుకను కొత్తగా రిజిస్టరు చేయించాలంటే ఆర్డీవో ఆర్డరు కావాలి. ఆ ఫైలు పన్నెండు వారాల్లో కదిలితే నాకు చెప్పండి, మిఠాయి పంచుతాను. కదిలి వచ్చినా ఇంకో చిక్కు. ముప్పై ఏళ్ల తర్వాత రిజిస్టరైన పుట్టుకను వాళ్లు అనుమానంగా చూస్తారు, బడి రికార్డు, అఫిడవిట్లు మళ్లీ అడుగుతారు. కొందరు దళారులు "ఆర్డరు తెప్పిస్తాం" అని యాభై వేలు గుంజి, చివరికి నా దగ్గరికే పంపిన సందర్భాలు ఉన్నాయి.

అమెరికా ఒక్కటే కాదు. 2005 జూలై నుంచి మన దేశం అపోస్టిల్ ఒప్పందంలో ఉంది, విదేశాంగ శాఖ ముద్ర ఒకటి పడితే ఆ ఒప్పందంలోని దేశాలు మన కాగితాన్ని మళ్లీ ధ్రువీకరించమనవు. కెనడా కూడా 2024 జనవరిలో అందులో చేరింది. దుబాయ్ చేరలేదు, అందుకే అక్కడికి భార్యను తీసుకెళ్లాలనుకునే జగిత్యాల కుర్రాడు పెళ్లి సర్టిఫికెట్‌ను రాష్ట్రం దగ్గర, ఢిల్లీ శాఖ దగ్గర, వాళ్ల ఎంబసీ దగ్గర, మళ్లీ అక్కడికి పోయాక వాళ్ల శాఖ దగ్గర ముద్రలు వేయించుకుంటాడు. జర్మనీ సంగతి వేరు. మనం ఒప్పందంలో చేరినప్పుడే జర్మనీ అభ్యంతరం చెప్పింది, మన అపోస్టిల్ అక్కడ చెల్లదు. అవసరమైతే వాళ్ల ఎంబసీ తరఫున ఒక వకీలు మన ఊరికి వచ్చి రిజిస్టరు తిరగేసి చూస్తాడు, ఖర్చు అర్జీదారుడిది. గాజుల అంగడి పక్కన ఉన్న మీ పంచాయతీ ఆఫీసులోకి ఒక రోజు బెర్లిన్ పనిమీద ఒకాయన వస్తాడని మీలో ఎంతమందికి తెలుసు? వచ్చినప్పుడు ఆ గడిలో గీత ఉంటే ఆయన గీత ఉందనే రాసుకుపోతాడు.

జిల్లాల గొడవ ఇంకొకటి. 2014 జూన్ 2న రాష్ట్రం మారింది. 2016 దసరాకు పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి, 2019లో ముప్పై మూడు. మంచిదే. మా అమ్మాయి పాస్‌పోర్టులో పుట్టిన చోటు కరీంనగర్, ఆంధ్రప్రదేశ్. నకలు మీద కొత్త స్టాంపు జగిత్యాల జిల్లా, తెలంగాణ. ఇల్లు కదల్లేదు, ఊరు కదల్లేదు, కానీ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసే పరాయి దేశపు గుమాస్తాకు అవి రెండు ఊళ్లు. "ఈ గ్రామము పూర్వము ఫలానా జిల్లాలో ఉండెను" అని నేను కొట్టిన అఫిడవిట్లకు లెక్కే లేదు. ఆ ఒక్క వాక్యం ప్రతి నకలు అడుగున మీరే అచ్చు వేసి ఇస్తే ఏం పోతుంది? కంప్యూటరులో ఒకసారి పెడితే అదే వస్తుంది.

హెడ్మాస్టర్లకు ఒక మాట. మీమీద నాకు గౌరవం, మా నాన్న కూడా బడిపంతులే. కానీ జూన్ నెలలో పుట్టిన తెలుగువాళ్లు ఇంతమంది ఎలా ఉన్నారండీ? బిడ్డకు అయిదేళ్లు నిండలేదంటే మీరే ఒక తేదీ వేసి చేర్చుకున్నారు. అది ఆనాడు దయ. ఈనాడు రిజిస్టరులో ఆగస్టు, మెమోలో జూన్, పాస్‌పోర్టులో జూన్. అసలు పుట్టినరోజు ఉన్న కాగితమే అబద్ధం చెబుతున్నట్టు కనబడుతోంది. పొడి అక్షరాల అలవాటు కూడా మీదే. మెమోలో ఇంటిపేరుకు ఒక్క అక్షరం, చుక్క. పాస్‌పోర్టువాడు ఆ అక్షరాన్ని విప్పమంటాడు, ఒక్కోసారి విప్పడు, పేరంతా ఒకే గడిలో పడుతుంది, రెండో గడి ఖాళీ. అలాంటివాళ్లకు అమెరికా వీసా మీద పేరుండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ అని వస్తుంది, పేరు తెలియదు అని దాని అర్థం. తాతముత్తాతల ఇంటిపేరున్న మనిషిని పరాయి దేశంలో బ్యాంకులో, ఆసుపత్రిలో "ఎఫ్‌ఎన్‌యూ గారూ" అని పిలుస్తారు. మావాడొకడు డ్రైవింగ్ లైసెన్సు మీద కూడా ఆ పేరుతోనే తిరిగాడు.

తల్లుల పేర్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. అక్కడ పౌరుడైన కొడుకు ఇరవై ఒక్క ఏళ్లు దాటాక అమ్మానాన్నలకు శాశ్వత నివాసం అడగవచ్చు, అందుకు కొడుకు పుట్టిన కాగితంలో ఆ అమ్మ పేరు ఉండాలి. లక్ష్మి, మహాలక్ష్మి, లక్ష్మీబాయి, ముగ్గురూ ఒక్కరేనని నేను రాసిస్తాను సరే. అడిగేవాళ్లకు నేనెవరిని? ఇంగ్లీషులో రాసేటప్పుడైతే "క్ష" దగ్గర కె.ఎస్.హెచ్. పెట్టాలా, ఎక్స్ పెట్టాలా అని అడగండి. మీకు తోచింది పెట్టకండి. తల్లి టెన్త్ మెమో గానీ ఆధార్ గానీ చూసి అందులో ఎలా ఉందో అలాగే దించండి. రాశాక ఒకసారి పైకి చదివి వినిపించండి. నా దగ్గర ఏ కాగితమైనా సంతకానికి ముందు చదివి వినిపిస్తాను, పదింటిలో మూడింట్లో అప్పుడే తప్పు బయటపడుతుంది.

ఇదంతా పాతవాళ్ల గొడవ, ఇప్పుడు అన్నీ ఆన్‌లైనే కదా అంటారేమో. ఇప్పుడే ఎక్కువ భయం. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు బడిలో చేరడానికి, ఓటుకు, పెళ్లి రిజిస్ట్రేషన్‌కు, పాస్‌పోర్టుకు పుట్టిన తేదీ రుజువుగా బర్త్ సర్టిఫికెట్టే చూపాలి. మావాళ్లు టెన్త్ మెమో అనే రెండో తలుపులోంచి బయటపడ్డారు. ఆ పిల్లలకు ఆ తలుపు మూసేశారు. మీరు పెట్టిన గీతను వాళ్లు మొత్తం జీవితం మోయాలి, బయటి దేశం పోయినా పోకపోయినా.

కాబట్టి అడుగుతున్నాను. పేరు లేని రిజిస్ట్రేషన్లు మీ కంప్యూటరులో ఎన్ని ఉన్నాయో మీకు ఒక్క నొక్కుతో కనబడుతుంది. ఫోన్ నంబర్లూ ఉన్నాయి. బిడ్డకు పదకొండో నెల రాగానే ఒక మెసేజ్ పంపండి. వెతికితే దొరకని రికార్డుకు, దొరకలేదు అని ఏడు రోజుల్లో రాసివ్వండి, దానివల్ల మీ ఉద్యోగం పోదని పై అధికారులు మీకు ఒక సర్క్యులర్ ఇవ్వాలి, ఆ సర్క్యులర్ కోసం కావాలంటే అర్జీ నేనే ఉచితంగా కొట్టిపెడతాను. మార్జిన్‌ను వాడండి. చెదల మందుకు పెద్దగా డబ్బు అక్కర్లేదు. ఆ ఎర్ర మూటలను స్కాన్ చేయించేలోపు కనీసం నేల మీద నుంచి తీసి బల్ల మీద పెట్టండి.

నిన్న పొద్దున ఒక కుర్రాడు వచ్చాడు. కొత్తపేటలో ఏదో ఆసుపత్రి, బిడ్డకు పందొమ్మిది రోజులు, ఎల్లుండి బారసాల. చేతిలో సర్టిఫికెట్, పేరు గడి ఖాళీ. "దీనికి అఫిడవిట్ కావాల్నట, ఎంతయితది అంకుల్?" అన్నాడు. ఏమీ కాదు నాయనా, బారసాల అయ్యాక వార్డు ఆఫీసుకు పోయి పేరు చెప్పు, ఏడాది లోపు ఉచితం, స్టాంపు పేపరు అక్కర్లేదు అన్నాను. నా వంక అనుమానంగా చూశాడు. ఉచితం అనేసరికి నాకు పని రాదనుకున్నాడు కాబోలు, "సరే అంకుల్" అని లేచి, నాలుగు గొడుగుల అవతల కూర్చునే టైపిస్టు దగ్గరికి వెళ్లి వంద రూపాయల స్టాంపు పేపరు కొన్నాడు.

ఇట్లు,
నాంపల్లి కోర్టు గోడ పక్కన కూర్చునే ఒక జాబ్ టైపిస్టు
హైదరాబాద్